ఏరేటరు మోటారు కరెంటు కొలిచే పెట్టె: క్లిప్పింగ్, ఏలియాసింగ్ రాకుండా ఏడీసీకి సిగ్నల్ ఇవ్వడం ఎలా

భీమవరం, ఉండి, ఆకివీడు వైపైనా, కోనసీమలో కాట్రేనికోన, ముమ్మిడివరం వైపైనా రొయ్యల చెరువులో రాత్రంతా ఏరేటర్లు (నీళ్ళకి గాలి పట్టించే రెక్కల యంత్రాలు) తిరగాల్సిందే. నడుస్తున్న త్రీఫేజ్ మోటారుకి ఒక ఫేజు పోతే అది వెంటనే ఆగదు. మూలుగుతూ తిరుగుతూనే ఉంటుంది, మిగిలిన రెండు ఫేజుల్లో కరెంటు దాదాపు 1.7 రెట్లకు పోతుంది, చూసుకోకపోతే వైండింగు కాలుతుంది. స్టార్టర్లో ఒక ఫేజు పోగానే మోటారును ఆపేసే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ ఉండాలి, అందులో మరో మాట లేదు. దానికి తోడు కరెంటు ఎంత లాగుతోందో అంకెల్లో చూసుకోవాలనుకుంటే ఒక ఆర్డువీనో (ప్రోగ్రాము రాసి నడిపే చిన్న బోర్డు), ఒక సీటీ (తీగ చుట్టూ పెట్టి కరెంటు కొలిచే కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) చాలు.

ఇలాంటి పెట్టెల్లో తప్పు అంకెలు రావడానికి కారణం చాలాసార్లు ప్రోగ్రాములో ఉండదు, ఏడీసీ (వోల్టేజీని అంకెగా మార్చే భాగం) కాలు దగ్గరే ఉంటుంది. సిగ్నల్ ఏడీసీ కొలిచే హద్దు దాటితే దాని నెత్తి తెగిపోతుంది, అది క్లిప్పింగ్. శాంపిళ్ళు తీసే వేగానికి సగం కన్నా ఎక్కువ ఫ్రీక్వెన్సీ లోపలికి వస్తే అది తక్కువ ఫ్రీక్వెన్సీ వేషం వేసుకుని కనబడుతుంది, అది ఏలియాసింగ్. రెండూ అంకెగా మారకముందే జరిగిపోతాయి. తెగిన నెత్తిని ఏ కోడూ తిరిగి అతికించలేదు, వేషం వేసిన 50 హెర్ట్జ్‌నీ అసలు 50 హెర్ట్జ్‌నీ ఏ ఫిల్టర్ ప్రోగ్రామూ విడదీయలేదు. కాబట్టి పని తీగల దగ్గరే మొదలుపెట్టాలి.

కావలసినవి (ఒక ఫేజుకి)

ఆర్డువీనో ఊనో ఒకటి. ఎస్‌సీటీ-013-000 క్లిప్పు సీటీ ఒకటి. ఇది 100 ఆంపియర్లకు 50 మిల్లీఆంపియర్లు ఇస్తుంది, అంటే 2000కి 1. కొనేటప్పుడు చివరి మూడు అంకెలు చూడండి: 030 అని ఉంటే అది 30 ఆంపియర్లకు 1 వోల్టు ఇచ్చే రకం, బర్డెన్ రెసిస్టర్ (సీటీ ఇచ్చే కరెంటును వోల్టేజీగా మార్చేది) లోపలే ఉంటుంది, కింద చెప్పే లెక్క దానికి పనికిరాదు. 220 ఓమ్‌ల 1 శాతం రెసిస్టర్ ఒకటి, 10 కిలో ఓమ్‌లవి రెండు, 4.7 కిలో ఓమ్‌లది ఒకటి. 10 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఒకటి, 100 నానోఫారడ్ కెపాసిటర్ ఒకటి. బీఏటీ85 షాట్కీ డయోడ్లు రెండు.

ఒక్క సీటీతోనే ఫేజు పోయిన సంగతి పట్టుకోవచ్చు: ఆ ఫేజే పోతే సున్నా చూపిస్తుంది, వేరేది పోతే 1.7 రెట్లు చూపిస్తుంది. కాకపోతే సున్నా అంటే మోటారు ఆపేశారా, ఫేజు పోయిందా అన్నది తేలదు. రెండు ఫేజులకు రెండు సీటీలు పెడితే అనుమానం ఉండదు.

1. ముందు ఎంతవరకు కొలవాలో తేల్చుకోండి

415 వోల్టుల మీద నడిచే 2 హెచ్‌పీ మోటారు పూర్తి లోడు మీద సుమారు మూడున్నర ఆంపియర్లు తీసుకుంటుంది. ఫేజు పోతే 6 ఆంపియర్ల దాకా వెళుతుంది. స్టార్టింగులో మాత్రం ఆరేడు రెట్లు, అంటే ఇంచుమించు 24 ఆంపియర్లు.

ఇక్కడే ఒక నిర్ణయం తీసుకోవాలి. 24 ఆంపియర్లూ కత్తిరింపు లేకుండా కొలవాలంటే మూడున్నర ఆంపియర్ల అల స్కేలులో చిన్నదైపోతుంది. నడుస్తున్న కరెంటు బాగా కొలవాలంటే స్టార్టింగు క్లిప్ అవుతుంది. మోటారు కాపాడుకోవడానికి స్టార్టింగు కరెంటు కచ్చితంగా ఎంతో తెలియనక్కర్లేదు. అందుకే స్టార్టింగు క్లిప్ అవనివ్వండి, అయినట్టు ప్రోగ్రాముకి తెలిస్తే చాలు, ఏడీసీ కాలు మాత్రం కాలకూడదు.

నెట్‌లో దొరికే సర్క్యూట్లలో ఈ సీటీకి 33 ఓమ్‌ల బర్డెన్ వేసి ఉంటుంది. అది 100 ఆంపియర్ల ఇంటి మెయిన్ లైనుకి సరైన లెక్క. మన మోటారుకి దాన్నే వేస్తే మూడున్నర ఆంపియర్లకి వచ్చేది 0.08 వోల్టుల శిఖరం. 5 వోల్టులను 1024 మెట్లుగా కొలిచే ఊనోలో అది పదహారు పదిహేడు మెట్లు. మోటారు బాగుందో లేదో ఆ కాస్త అలలో ఏం తెలుస్తుంది?

220 ఓమ్‌లు వేస్తే అదే కరెంటుకి 1.75 మిల్లీఆంపియర్లు, శిఖరం 2.47 మిల్లీఆంపియర్లు, వోల్టేజీ శిఖరం 0.54. మెట్లలో సుమారు 111. పై హద్దు: 2.5 వోల్టులను 220తో భాగిస్తే 11.36 మిల్లీఆంపియర్లు, దాన్ని 2000తో హెచ్చిస్తే 22.7 ఆంపియర్ల శిఖరం, అంటే 16 ఆంపియర్ల ఆర్ఎమ్ఎస్ (మామూలుగా మీటరు చూపించే విలువ). ఫేజు పోయినప్పటి 6 ఆంపియర్లకు కావలసినంత చోటుంది.

బర్డెన్ పెంచితే సీటీ కోరు శాచురేట్ అవదా (అయస్కాంతంగా నిండిపోయి అలను చెడగొట్టదా) అని అడుగుతారు. కోరుకి ముఖ్యం సెకండరీ వోల్టేజీ. 33 ఓమ్‌లతో 100 ఆంపియర్ల దగ్గర వచ్చేది 1.65 వోల్టులు, 220 ఓమ్‌లతో 16 ఆంపియర్ల దగ్గర వచ్చేది 1.76. రెండూ దగ్గరే కాబట్టి పర్వాలేదు.

2. అలను నడిమికి ఎత్తండి

సీటీ ఇచ్చే అల సున్నాకి పైకీ కిందకీ ఊగుతుంది. ఊనో సున్నా కిందది చదవలేదు. నేరుగా కలిపితే సగం అల మొదట్లోనే పోతుంది, పైగా మైనస్ వోల్టేజీ చిప్పుకి మంచిది కాదు. 5 వోల్టులకీ గ్రౌండ్‌కీ మధ్య రెండు 10 కిలో ఓమ్‌లను వరసగా పెట్టండి. నడిమి జంక్షన్లో 2.5 వోల్టులు వస్తాయి. ఆ జంక్షన్ నుంచి గ్రౌండ్‌కి 10 మైక్రోఫారడ్, ప్లస్ కాలు జంక్షన్ వైపు. సీటీ ఒక తీగ ఈ జంక్షన్‌కి, రెండో తీగ సిగ్నల్ పాయింటుకి. 220 ఓమ్‌లు సీటీ రెండు తీగల మధ్య.

మోటారు ఆపి ఉన్నప్పుడు చదివితే 512 చుట్టుపక్కల రావాలి. 480 వస్తోందంటే 10 కిలో ఓమ్‌లు రెండూ ఒక్కటి కావు, మీటరు పెట్టి చూడండి. మోటారు వేయగానే ఈ సగటు 512 నుంచి జరిగిపోతోందంటే అల ఒక వైపు మాత్రమే తెగుతోందని గుర్తు. ఇది చాలా పనికొచ్చే పరీక్ష, ఖర్చు లేనిది, అయినా ఎక్కువమంది చేయరు.

3. కాలుకి రక్షణ

స్టార్టింగులో 220 ఓమ్‌ల మీద శిఖరం 3.8 వోల్టుల దాకా పోతుంది. 2.5 కలిపితే పైకి 6.3, కిందకి మైనస్ 1.3. స్విచ్ వేసిన క్షణాన్ని బట్టి మొదటి సైకిల్ ఇంకా ఎత్తు లేవొచ్చు. ఊనో కాలు భరించేది సప్లై కన్నా అర వోల్టు మాత్రమే ఎక్కువ. అందుకే సిగ్నల్ పాయింటుకీ ఊనో ఏడీసీ కాలైన ఏ0కీ మధ్య 4.7 కిలో ఓమ్‌లు పెట్టి, ఏ0 నుంచి 5 వోల్టులకి ఒక డయోడు, గ్రౌండ్ నుంచి ఏ0కి ఒక డయోడు వేయండి. డయోడు గీత ఉన్న వైపు ఎప్పుడూ ప్లస్ వైపే చూడాలి. బీఏటీ85 దొరక్కపోతే 1ఎన్4148 వేసినా 4.7 కిలో ఓమ్‌లు కరెంటును ఒక మిల్లీఆంపియర్ దరిదాపుల్లో ఆపుతాయి. 1ఎన్5819 మాత్రం వద్దు, ఎండలో పెట్టె వేడెక్కితే దాని లీకేజీ పెరిగి 512 పక్కకి జరుగుతుంది.

4. ఫిల్టర్

ఏ0 కాలు నుంచి గ్రౌండ్‌కి 100 నానోఫారడ్ పెట్టండి. 4.7 కిలో ఓమ్‌లతో కలిసి ఇది 339 హెర్ట్జ్ దగ్గర కట్ అయ్యే ఆర్‌సీ ఫిల్టర్. 50 హెర్ట్జ్‌లో కోత 1 శాతం మాత్రమే. దాన్ని కాలిబ్రేషన్లో సరిచేసుకోవచ్చు. కెపాసిటర్‌ను బ్రెడ్‌బోర్డు అవతలి చివర పెట్టకండి, ఏ0, గ్రౌండ్ కాళ్ళ పక్కనే ఉండాలి. ఏడీసీ శాంపిల్ తీసే క్షణంలో లాగే చార్జీ కూడా అదే ఇస్తుంది, లేకపోతే 4.7 కిలో ఓమ్‌ల వెనక నుంచి రావాలి.

ఒక్క ఆర్‌సీ అంటే నెమ్మదిగా వాలే ఏటవాలు, గోడ కాదు. సెకనుకి 2000 శాంపిళ్ళు తీస్తున్నారనుకోండి, 1950 హెర్ట్జ్ వస్తే అది 50గా కనబడుతుంది. ఈ ఫిల్టర్ 1950ని ఆరో వంతుకి మాత్రమే దించుతుంది. మిగతా పని శాంప్లింగ్ చేయాలి.

5. శాంప్లింగ్ వేగం

ఊనోలో ఒక అనలాగ్‌రీడ్‌కి సుమారు 110 మైక్రోసెకన్లు పడుతుంది. ప్రతి 500 మైక్రోసెకన్లకి ఒకసారి, వెంటవెంటనే నాలుగు రీడింగులు తీసి వాటి సగటును ఒక శాంపిల్‌గా దాచుకోండి. ఆ నాలుగింటి సగటు కూడా ఒక ఫిల్టరే. ఆర్‌సీ, సగటు రెండూ కలిసి 1950 హెర్ట్జ్‌ని దాదాపు 40వ వంతుకి దించుతాయి, చెరువు పెట్టెకి అంతకన్నా అక్కర్లేదు. 400 శాంపిళ్ళు తీస్తే 200 మిల్లీసెకన్లు, అంటే సరిగ్గా పది సైకిళ్ళు. మెమరీలో 800 బైట్లు. ఊనోకి ఉన్న 2 కిలోబైట్లలో సరిపోతుంది. లెక్కలన్నీ 400 నిండాకే చేయండి, మధ్యలో కాదు.

500 మైక్రోసెకన్లను డిలేతో కొలవకండి. డిలే అంటే పని అయ్యాక ఆగే సమయం, పని సమయం దానికి కలుస్తుంది. మైక్రోస్ (బోర్డు లోపలి మైక్రోసెకన్ల గడియారం) విలువ చూసుకుంటూ తర్వాతి శాంపిల్ వేళను పాత వేళకి 500 కలిపి నిర్ణయించండి, లేదా టైమర్1 ఇంటరప్ట్ వాడండి.

కొత్తవాళ్ళు రాసే లూపు ఎలా మోసం చేస్తుందో చూడండి. ఒక రీడింగ్, తర్వాత డిలే 20. మొత్తం 20.1 మిల్లీసెకన్లు, అంటే సెకనుకి 49.75 శాంపిళ్ళు. 50 హెర్ట్జ్ కరెంటు ఇందులో నాలుగు సెకన్లకి ఒకసారి పైకి లేచి దిగే మెల్లని అలగా వస్తుంది. గ్రిడ్ 49.9కి దిగితే అదే అల దాదాపు ఏడు సెకన్లది అవుతుంది. జనరేటరు మీదకు మారితే ఇంకోలా ఊగుతుంది. చూసినవాళ్ళు మోటారు లోడు ఊగుతోంది, ఏరేటరు రెక్కకి నాచు చుట్టుకుందేమో అనుకుంటారు. మోటారు నిక్షేపంలా ఉంటుంది.

రీడింగులను కంప్యూటర్లో గ్రాఫుగా గీసే సీరియల్ ప్లాటర్ది ఇంకో ఉచ్చు. 9600 బాడ్ మీద సెకనుకి 960 అక్షరాలు వెళతాయి. మూడంకెల సంఖ్య, లైను మార్పు కలిపి ఐదు అక్షరాలు. అంటే ప్రతి రీడింగునీ ప్రింటు చేస్తూ పోతే మీకు తెలియకుండానే శాంప్లింగ్ 192కి పడిపోతుంది. ముందు 400 దాచుకుని, తర్వాత ప్రింటు చేయండి.

గుండ్రటి అంకె మీద మోజుతో 200, 300 ఎంచుకోకండి. డ్రైవ్ (మోటారు వేగం మార్చే పరికరం) ఉన్న మోటారు లైను నుంచి లాగే కరెంటులో ఐదో హార్మోనిక్ (50కి ఐదు రెట్లు) 250 హెర్ట్జ్, ఏడోది 350 బాగా ఉంటాయి. సెకనుకి 200 తీస్తే 250 సరిగ్గా 50 మీద పడుతుంది. 300 తీస్తే 250, 350 రెండూ వచ్చి 50 మీదే కూర్చుంటాయి. డ్రైవ్ నుంచి మోటారుకి వెళ్ళే వైపు సీటీ పెడితే కొన్ని కిలోహెర్ట్జ్ స్విచింగ్ కూడా తోడవుతుంది. సీటీని డ్రైవ్‌కి లైను వైపే పెట్టండి, సీటీ తీగలు షీల్డు ఉన్నవి వాడి షీల్డును పెట్టె వైపు ఒక చివర మాత్రమే గ్రౌండ్ చేయండి.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. మీకు ఆర్ఎమ్ఎస్ అంకె ఒక్కటే కావాలంటే ఏలియాసింగ్ అంత ప్రమాదం కాదు. వేషం మార్చిన ఫ్రీక్వెన్సీ కూడా తన శక్తిని లెక్కలో కలుపుతుంది, మొత్తం సరిగానే వస్తుంది. అది వచ్చి 50 మీదనో సున్నా మీదనో పడినప్పుడే అంకె చెడుతుంది. క్లిప్పింగ్‌కి అలాంటి మినహాయింపు లేదు, ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది.

6. అంకెలను ఆంపియర్లుగా మార్చడం

400 శాంపిళ్ళ సగటు తీసి, ప్రతి శాంపిల్ నుంచి దాన్ని తీసేసి, వర్గాల సగటుకి వర్గమూలం కట్టండి. ఒక మెట్టు 4.88 మిల్లీవోల్టులు. 220తో భాగించి 2000తో హెచ్చిస్తే 0.0444 ఆంపియర్లు. ఫిల్టర్ తిన్న 1 శాతం కలిపితే 0.0449. ఆర్ఎమ్ఎస్ మెట్లను దీంతో హెచ్చించండి. మూడున్నర ఆంపియర్లకి 78 మెట్లు రావాలి. ల్యాప్‌టాప్ యూఎస్‌బీ మీద 4.7 వోల్టులు, అడాప్టర్ మీద 5.1 ఉంటే ఈ అంకె కూడా ఆ మేరకు మారుతుంది. గట్టు మీద ఏ అడాప్టర్ ఉంటుందో దాంతోనే కాలిబ్రేట్ చేయండి.

7. క్లిప్పింగ్ పరీక్ష: ఇస్త్రీ పెట్టెతో

చెరువు దగ్గరకి వెళ్ళేముందు ఇంట్లోనే చేయండి. 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె 230 వోల్టుల మీద 4.3 ఆంపియర్లు తీసుకుంటుంది. ఫేజు తీగ ఒక్కటే విడిగా ఉండే ఎక్స్‌టెన్షన్ తయారుచేసుకోండి, ఇన్సులేషన్ ఎక్కడా తెగకూడదు. మొత్తం కేబుల్ సీటీలో పెడితే ఫేజు, న్యూట్రల్ కొట్టేసుకుని సున్నా వస్తుంది. ప్లగ్ తీసేసి, ఆ తీగను సీటీ లోంచి ఒక చుట్టు, రెండు చుట్లు, ఇలా పెంచుకుంటూ పోండి. రెండు చుట్లయితే సీటీకి కరెంటు రెట్టింపు అయినట్టే. ఇస్త్రీ పెట్టెను ఎక్కువ వేడిలో పెట్టి, థర్మోస్టాట్ కట్ అవకముందే చదవండి.

1 చుట్టు: 4.3 రావాలి.
2 చుట్లు: 8.7.
3 చుట్లు: 13.
4 చుట్లు: అసలు 17.4, మీకు వచ్చేది 17 చిల్లర.
5 చుట్లు: అసలు 21.7, వచ్చేది 18.5 దగ్గర.
6 చుట్లు: అసలు 26.1, వచ్చేది 19.4 దగ్గర.

మీ ఇంటి వోల్టేజీని బట్టి అంకెలు కాస్త అటూ ఇటూ ఉంటాయి, వరస మాత్రం ఇలాగే ఉండాలి. నాలుగో చుట్టు దగ్గర కోత తేలిగ్గా మొదలవడం గమనించండి. 17.4కి 17 వస్తే ఎవరికీ అనుమానం రాదు. ఆ తర్వాత ఎంత పెంచినా అంకె పెద్దగా ముందుకి కదలదు. నెత్తి పూర్తిగా చదునైపోయినా ఈ పెట్టె 22.7 దాటి చూపించలేదు. అందుకే ఆంపియర్ల అంకెను బట్టి క్లిప్పింగ్ కనిపెట్టాలని చూడకండి. సగటు తీయకముందు ముడి రీడింగుల్లో 3 కన్నా తక్కువవీ, 1020 కన్నా ఎక్కువవీ ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. అవి మొత్తంలో 1 శాతం దాటితే అంకె పక్కన ఒక జెండా పెట్టండి, స్క్రీను మీద ‘16 పైన’ అని రాయించండి. మోటారు వేసిన 5 సెకన్ల పాటు జెండా వచ్చినా పట్టించుకోనక్కర్లేదు. ఆ తర్వాత కూడా ఉంటే మాత్రం మోటారు జామ్ అయి ఉండాలి, అలారం మోగాలి.

ఒక చిక్కుంది. కోత ఎప్పుడూ 1023 దగ్గరే జరగదు. సిగ్నల్ పెంచడానికి మధ్యలో ఎల్ఎమ్358 ఆంప్లిఫయర్ చిప్పు పెట్టినవాళ్ళుంటారు. 5 వోల్టుల సప్లై మీద దాని అవుట్‌పుట్ మూడున్నర వోల్టుల దగ్గర ఆగిపోతుంది, అంటే 716 దగ్గర. 1020 కోసం చూసే ప్రోగ్రాము హాయిగా నిద్రపోతుంది. అనుమానం వస్తే 400 శాంపిళ్ళను గ్రాఫుగా గీయించి చూడండి. నెత్తి చదునుగా ఉండి, బర్డెన్‌ని సగం చేసినా అదే మెట్టు దగ్గర ఆగుతోందంటే తెగుతున్నది ఆ తర్వాతి భాగంలో. బర్డెన్ తగ్గించినప్పుడు చదును పోతే రేంజి చాలకపోవడమే కారణం.

8. ఏలియాసింగ్ పరీక్ష: ఫోనుతో

సీటీని ఊడదీయండి, 10 మైక్రోఫారడ్, 100 నానోఫారడ్ రెండూ తీసేయండి. రెండు 10 కిలో ఓమ్‌ల జంక్షన్‌ని నేరుగా ఏ0కి కలపండి. ఫోన్లో టోన్ జనరేటర్ యాప్ పెట్టి, హెడ్‌ఫోన్ తీగ ఒక చెవి వైపుది 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ద్వారా జంక్షన్‌కి ఇవ్వండి, దాని గ్రౌండ్ ఊనో గ్రౌండ్‌కి. ఫోను చార్జింగులో ఉండకూడదు.

ప్రోగ్రామును సెకనుకి 1000 శాంపిళ్ళకి మార్చండి, సగటు తీయకుండా. ఫోన్లో 50 హెర్ట్జ్ పెడితే 400 శాంపిళ్ళలో 20 అలలు కనబడతాయి. ఇప్పుడు 950 పెట్టండి. చెవికి వినబడేది సన్నని కూత, స్క్రీను మీద మాత్రం మళ్ళీ అవే 20 అలలు. 1050 పెట్టినా 20. 1000 పెడితే దాదాపు నిలిచిపోయి, మెల్లగా పాకే గీత.

అసలుదేదో, వేషం వేసిందేదో తేల్చడానికి వేగాన్ని 1100కి మార్చండి. నిజమైన 50 అయితే 50గానే లెక్కకొస్తుంది. 950 అయితే 150కి గెంతుతుంది. చెరువు దగ్గర ఏ వింత అల కనిపించినా చేయాల్సింది ఇదే: శాంప్లింగ్ వేగం పది శాతం మార్చి చూడండి, కదిలిందంటే అది వేషం వేసినదే. తర్వాత 4.7 కిలో ఓమ్‌లు, 100 నానోఫారడ్ తిరిగి పెట్టి 950 ఇస్తే అల మూడో వంతుకి తగ్గుతుంది, పూర్తిగా పోదు. 1000 వేగం చాలదనడానికి అదే రుజువు. 2000కి మార్చి నాలుగింటి సగటు కూడా పెట్టి 1950 ఇచ్చి చూడండి, వెతుక్కోవాల్సి వస్తుంది.

వేరే బోర్డులు వాడేవాళ్ళకి

ఈఎస్‌పీ32లో వైఫై ఉండటం సౌకర్యమే గానీ దాని ఏడీసీకి రెండు చివరలూ బాగోవు. 11 డెసిబెల్ అటెన్యుయేషన్ (ఇన్‌పుట్‌ను తగ్గించి చదివే సెట్టింగు) మీద నమ్మదగిన భాగం 150 నుంచి 2450 మిల్లీవోల్టులు. కాబట్టి నడిమి 1.65 కాదు, 1.3 పెట్టుకోండి: 3.3 వోల్టుల వైపు 15 కిలో ఓమ్‌లు, గ్రౌండ్ వైపు 10 పెడితే 1.32 వస్తుంది. శిఖరం 1.1 వోల్టులు దాటకుండా బర్డెన్‌ని 100 ఓమ్‌లు చేయండి, పై హద్దు దాదాపు అదే 22 ఆంపియర్ల శిఖరం. వైఫై నడుస్తున్నప్పుడు ఏడీసీ2 కాళ్ళు పనిచేయవు, 32 నుంచి 39 వరకు ఉన్నవాటినే వాడండి.

ఏడీఎస్1115 అనే విడి ఏడీసీ చిప్పుకి 16 బిట్లున్నాయని మురిసిపోయి పెట్టేవాళ్ళున్నారు. అది మామూలుగా సెకనుకి 128 మాత్రమే తీస్తుంది, గరిష్ఠం 860. మోటారు కరెంటు అల చూడటానికి అది సరైన చిప్పు కాదు. ఆక్సిజన్, ఉప్పదనం ప్రోబుల లాంటి నిదానమైన సిగ్నళ్ళకి మాత్రం చక్కగా ఉంటుంది. దాని ±6.144 వోల్టుల రేంజి చూసి 6 వోల్టులు ఇవ్వకండి, సప్లై వోల్టేజీని దాటి ఇస్తే చిప్పు పోతుంది.

గట్టు మీద బిగించేటప్పుడు

మెయిన్ ఆపి, టెస్టరుతో చూసుకున్నాకే స్టార్టరు పెట్టె తెరవండి, తడి చేతులతో, తడి నేల మీద నిలబడి వద్దు. కరెంటు పారుతున్నప్పుడు సీటీ సెకండరీ తీగలు విప్పకండి. ఈ రకంలో లోపల రక్షణ ఉన్నా, ప్యానెల్‌లో వాడే 100కి 5 రకం సీటీల్లో ఆ పని ప్రాణం తీస్తుంది, అలవాటు ఒకటే ఉండటం మంచిది. సీటీ నోరు పూర్తిగా మూసుకోవాలి. నరసాపురం, మొగల్తూరు లాంటి సముద్రం దగ్గరి ఊళ్ళలో ఉప్పు గాలికి కోరు మొహాల మీద మురికి పేరుకుని సన్నని సందు వస్తుంది, అప్పటినుంచి కరెంటు తక్కువగా చూపిస్తుంది. అది క్లిప్పింగూ కాదు, ఏలియాసింగూ కాదు. మెత్తని గుడ్డతో తుడిస్తే పోతుంది. 3.5 మిల్లీమీటర్ల జాక్ కూడా ఆ గాలికి నిలవదు, కోసేసి తీగలు నేరుగా టంకం పెట్టండి.

ఆక్సిజన్, ఉప్పదనం రాసుకునేటప్పుడు కూడా

ఏలియాసింగ్‌కి వేగంతో పని లేదు. చెరువులో డీఓ (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్) మధ్యాహ్నానికి పెరిగి, తెల్లవారకముందు అట్టడుగుకి వస్తుంది, 24 గంటల చక్రం. రోజూ ఒకే వేళకి కొలిస్తే గీత చదునుగా ఉంటుంది. బ్యాటరీ పొదుపని 25 గంటలకి ఒకసారి లాగర్ లేచేలా పెడితే 25 రోజుల చక్రం ఒకటి కనబడుతుంది. అది చెరువులో లేదు. డీఓకి గంటకి ఒక రీడింగు కనీసం, తెల్లవారుజామున పావుగంటకి ఒకటి ఉంటే మంచిది.

ఉప్పుటేరు నుంచో, గౌతమి, వైనతేయ పాయల నుంచో నీళ్ళు తోడుకునేవాళ్ళకి ఇంకా చిక్కు. పోటు 12.42 గంటలకి ఒకసారి వస్తుంది, అంటే రోజుకి 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. రోజూ పొద్దున్న ఆరింటికే ఉప్పదనం కొలిస్తే 14.8 రోజులకి ఒకసారి పెరిగి తగ్గుతున్నట్టు కనబడుతుంది. అమావాస్య, పౌర్ణమి పోట్ల వ్యవధి కూడా అదే కావడంతో లెక్క సరిపోయిందనిపిస్తుంది. నిజంగా పెద్ద పోటు వల్ల ఎంత పెరిగిందో, ఆరింటికి పోటు ఏ దశలో ఉందో అన్నదాని వల్ల ఎంత కనబడిందో ఆ పుస్తకం నుంచి విడదీయలేరు. గంటకోసారి చొప్పున లాగర్ పెట్టండి. ప్రతి రీడింగూ ఒక్క క్షణానిది కాకుండా ఐదు నిమిషాల సగటు అయితే పంపు వేసినప్పుడు, పడవ పోయినప్పుడు వచ్చే కుదుపులు కూడా వడకట్టుకుపోతాయి. చేత్తో కొలిచేవాళ్ళు గడియారాన్ని వదిలేసి, పోటు నిండిన వేళ ఒకసారి, పూర్తిగా తీసిన వేళ ఒకసారి కొలిచి రెండు వేర్వేరు వరుసల్లో రాసుకోండి.